చిన్న పీసీ, చప్పుడు లేని పీసీ: అపోహలు - వాస్తవాలు

చిన్న పీసీ అసెంబుల్ చేయాలనుకునేవాళ్లు ముందు ముచ్చటైన కేసు ఎంచుకుంటారు, తర్వాత ప్రాసెసర్, చివరికి అందులో ఏ కూలర్ పడుతుందో వెతుక్కుంటారు. ఈ వరుస తిరగేస్తే సగం తలనొప్పులు రావు. ఆ పెట్టెలోంచి చెవికి వినపడకుండా ఎన్ని వాట్ల వేడి బయటికి పంపగలం? ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఇదే.

అపోహ: ఫ్యాన్ లేకపోతేనే అసలైన నిశ్శబ్దం.

ఇంటెల్ ఎన్100 లాంటి 6 వాట్ల చిప్‌కి ఫ్యాన్ లేని కేసు చక్కగా సరిపోతుంది. 15 వాట్ల దాకా కూడా ఫర్వాలేదు, కాకపోతే ప్రాసెసర్ నుంచి కేసు గోడ దాకా మధ్యలో ఖాళీ లేకుండా లోహం ఆనుకుని ఉండాలి. చిన్న కేసులో అంతకు మించితే తరచూ మొదట్లో అంతా బాగానే కనిపిస్తుంది. ఎందుకంటే అల్యూమినియం దిమ్మ కాసేపు వేడిని తనలోనే దాచుకుంటుంది. అది నిండాక ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే ఇలాంటి పీసీని ఐదు నిమిషాలు పరీక్షించి బాగుందనుకోకండి. కనీసం గంటసేపు పూర్తి లోడ్ మీద ఉంచి, క్లాక్ స్పీడ్ ఎక్కడ నిలబడిందో చూడండి.

పైగా ఫ్యాన్ గాలి ప్రాసెసర్‌కి మాత్రమే కాదు. ర్యామ్, ఎస్ఎస్‌డీ, మదర్‌బోర్డు మీది వోల్టేజి రెగ్యులేటర్లు కూడా ఆ గాలితోనే చల్లబడతాయి. ఇంకో ఇబ్బంది: ఫ్యాన్ హోరు పోయాక అంతదాకా వినపడని కాయిల్ వైన్, అంటే కాయిళ్ల కీచు శబ్దం బయటపడుతుంది.

120 మి.మీ. ఫ్యాన్‌ని 600-700 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే మామూలు గదిలో పక్కన కూర్చున్నా వినపడదు. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఇంత లాభసాటి బేరాన్ని వదులుకోవడం దేనికి?

అపోహ: చిన్న ఫ్యాన్ అంటే చిన్న శబ్దం.

సరిగ్గా తలకిందులు. 40 మి.మీ. ఫ్యాన్ పనికొచ్చేంత గాలి తోయాలంటే వేల ఆర్‌పీఎం మీద తిరగాలి. ఆ సన్నని ఈల గదంతా వినిపిస్తుంది. చిన్న కేసుల్లో చాలాసార్లు దోషి ప్రాసెసర్ కూలర్ కాదు, ఫ్లెక్స్ ఏటీఎక్స్ అనే సన్నని రకం పవర్ సప్లైలో ఉండే ఈ బుల్లి ఫ్యానే.

పరిష్కారం: పవర్ సప్లైని పెట్టె బయట పెట్టడం. థిన్ మినీ-ఐటీఎక్స్ అనే పలచని రకం మదర్‌బోర్డు అయితే 19 వోల్టుల ల్యాప్‌టాప్ తరహా అడాప్టర్ నేరుగా తీసుకుంటుంది. మామూలు మినీ-ఐటీఎక్స్ (170 × 170 మి.మీ.) బోర్డుకైతే 24 పిన్ల సాకెట్‌లో కూర్చునే చిన్న డీసీ కన్వర్టర్ కావాలి. వీటిలో చవక రకాలు 12 వోల్టుల లైన్‌ని ఉన్నదున్నట్టు బోర్డుకి పంపేస్తాయి. కాబట్టి అడాప్టర్ కచ్చితంగా 12 వోల్టుల రెగ్యులేటెడ్ రకమే అయ్యుండాలి; 19 వోల్టులది గుచ్చితే బోర్డు, డిస్కు రెండూ పోవచ్చు. పిన్ను కూడా చూసుకోవాలి. లోపలి రంధ్రం 2.5 మి.మీ. ఉన్న ప్లగ్గు 2.1 మి.మీ. పిన్ను మీదకి ఎక్కేస్తుంది గానీ వదులుగా ఉంటుంది. లోడ్ పెరగ్గానే అక్కడ వేడెక్కి పీసీ ఉన్నట్టుండి ఆగిపోతుంది.

వాట్ల లెక్క ఇలా వేయండి. 65 వాట్లని రాసున్న ఏఎం5 (ఏఎండీ సాకెట్ రకం) ప్రాసెసర్ సాకెట్ నుంచి 88 వాట్ల దాకా లాగగలదు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, యూఎస్‌బీ పరికరాలకు ఓ 20-25 కలపండి. 120 వాట్ల అడాప్టర్ కాగితం మీద సరిపోతుంది. కొనాల్సింది మాత్రం 150. బయోస్‌లో, అంటే పీసీ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం సెట్టింగుల్లో, 45 వాట్ల ఎకో మోడ్ పెడితే సాకెట్ పరిమితి సుమారు 61కి దిగుతుంది, అప్పుడు 120 హాయిగా చాలు.

అపోహ: చిన్న పీసీకి 35 వాట్ల ‘టీ’ రకం ప్రాసెసరే కావాలి.

ఇంటెల్ టీ రకం చిప్పులు చాలావరకు అవే చిప్పులు, పవర్ పరిమితి తగ్గించి ఇస్తారంతే. మామూలు రకం కొని బయోస్‌లో పీఎల్1ని (ఎక్కువసేపు లాగగల పవర్ పరిమితి) 35కి దించితే ఆచరణలో దాదాపు అదే ఫలితం. ఖాళీగా ఉన్నప్పుడు రెండూ తాగే కరెంటులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పీఎల్2 (కాసేపటికి మాత్రమే లాగగల పరిమితి) కూడా దించడం మరిచిపోకండి, లేదంటే ఏ చిన్న పని తగిలినా ఫ్యాన్ ఒక్కసారి గయ్యిమంటుంది.

అసలు చిరాకు పుట్టించేది ఈ ఎగుడుదిగుళ్లే. బ్రౌజర్ తెరిస్తే చాలు, ప్రాసెసర్ సెన్సర్ సెకనులో 20 డిగ్రీలు ఎగబాకుతుంది. ఫ్యాన్ దాని వెంట పరిగెడుతుంది. 65-70 డిగ్రీల దాకా ఫ్యాన్‌ని ఒకే నెమ్మది వేగం మీద ఉంచి, స్టెప్-అప్ టైమ్‌ని (ఫ్యాన్ వేగం పెరిగేముందు ఆగే సమయం) బోర్డు ఇచ్చినంత పెంచండి. అయినా బుసబుసమంటుంటే ఫ్యాన్‌కీ చిల్లుల ప్యానెల్‌కీ మధ్య దూరం చూడండి. మరీ అంటుకుని ఉంటే గాలి ఆ చిల్లుల దగ్గర చెదిరి శబ్దం చేస్తుంది. 5 మి.మీ. ఎడం ఇచ్చి, చుట్టూ ఫోమ్ పట్టీ అంటిస్తే వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకోకుండా ఉంటుంది.

అపోహ: ఖరీదైన ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ రకం) పెడితే క్షణంలో బూట్ అవుతుంది.

సెకనుకి 7,000 ఎంబీ అని పెట్టె మీద రాసేది పెద్ద ఫైళ్లను వరసగా చదివినప్పటి మాట. బూట్‌లో జరిగేది చిన్న చిన్న ముక్కల్ని ఎక్కడెక్కడి నుంచో ఏరుకోవడం. ఆ పనిలో ఖరీదైన ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కీ మామూలు ఎస్ఎస్‌డీకీ బూట్ సమయంలో తేడా మహా అయితే ఒకట్రెండు సెకన్లు. హార్డ్‌డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారినప్పుడు వచ్చిన మార్పు మళ్లీ రాదు.

సమయం ఎక్కడ పోతోందో ముందు కొలవండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో ‘లాస్ట్ బయోస్ టైమ్’ కనిపిస్తుంది. లినక్స్‌లో ‘సిస్టమ్‌డీ-అనలైజ్’ కమాండ్ ఫర్మ్‌వేర్ (అంటే బయోస్), లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎక్కించేది), కెర్నెల్ (దాని మూలభాగం), యూజర్‌స్పేస్ (మిగతా ప్రోగ్రాంలు) సమయాలను విడివిడిగా చూపుతుంది. ఫర్మ్‌వేరే పది, పదిహేను సెకన్లు తింటుంటే డిస్కు మార్చి లాభం లేదు. బయోస్‌లో నెట్‌వర్క్ బూట్, సీఎస్ఎం (పాత తరహా బూట్‌కి తోడ్పడే సెట్టింగు) ఆపేయండి, లోగో చూపే ఆలస్యాన్ని సున్నా చేయండి, ఎప్పుడూ గుచ్చి ఉండే యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తీసి చూడండి. ఏఎం5 బోర్డుల్లో డీడీఆర్5 మెమరీ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకోవడం) వల్ల తొలి బూట్‌కి నిమిషాలు పట్టవచ్చు. తెర నల్లగా ఉందని మధ్యలో ఆపేయకండి. ఆ తర్వాత కూడా ప్రతిసారీ ఆలస్యమైతే బయోస్‌లో ‘మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్’ (గత సర్దుబాటునే మళ్లీ వాడే సెట్టింగు) ఆన్ చేసి, రాత్రంతా మెమరీ టెస్ట్ నడపండి. తప్పులొస్తే దాన్ని ఆఫ్ చేసి ఆలస్యాన్ని భరించడమే మంచిది.

లినక్స్‌లో ఎక్కువగా కనిపించే దోషులు రెండు. ఒకటి, ‘ఎఫ్ఎస్‌ట్యాబ్’లో (బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా ఫైలు) మిగిలిపోయిన పాత డిస్కు పేరు: అది దొరికేదాకా సిస్టమ్ డిఫాల్ట్‌గా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ లైన్ తీసేయండి, లేదా ‘నోఫెయిల్’ (డిస్కు లేకున్నా బూట్ ఆపొద్దనే మాట) చేర్చి ఎదురుచూసే గడువు తగ్గించండి. రెండు, నెట్‌వర్క్ మేనేజర్‌కి చెందిన ‘వెయిట్-ఆన్‌లైన్’ సర్వీసు (నెట్‌వర్క్ కలిసేదాకా ఎదురుచూసేది). నెట్‌వర్క్ ఫోల్డర్లను బూట్‌లోనే మౌంట్ చేయకపోతే దాన్ని నిశ్చింతగా ఆపేయొచ్చు.

అపోహ: బయోస్‌లో ఫాస్ట్ బూట్ పెడితే నష్టమేమీ లేదు.

కొన్ని బోర్డుల్లో ‘అల్ట్రా ఫాస్ట్’ పెడితే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చేదాకా యూఎస్‌బీ కీబోర్డు పనిచేయదు. అంటే మళ్లీ బయోస్‌లోకి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. విండోస్ అడ్వాన్స్‌డ్ స్టార్టప్ నుంచి గానీ, లినక్స్‌లో ‘సిస్టమ్‌సీటీఎల్ రీబూట్ --ఫర్మ్‌వేర్-సెటప్’తో గానీ లోపలికి వెళ్లొచ్చు. ఆపరేటింగ్ సిస్టమే లేవకపోతే మిగిలేది సీమాస్ క్లియర్ చేయడం, అంటే బోర్డు గుర్తుంచుకున్న బయోస్ సెట్టింగుల్ని చెరిపేయడం. చిన్న బోర్డుల్లో దానికి వాడే రెండు పిన్లు తరచూ కూలర్ కింద దాగి ఉంటాయి. కాబట్టి కేసు మూయకముందే అవెక్కడున్నాయో చూసి, వాటికో రెండు తీగల స్విచ్ తగిలించి వెనక చిల్లులోంచి బయటికి తీసి పెట్టుకోండి.