షఫుల్‌బాటమ్: ఒక లోయ పేరు నవ్వులపాలైన వైనం

క్రికెట్ చూసే తెలుగువారికి ర్యాన్ సైడ్‌బాటమ్ గుర్తుండే ఉంటాడు. పొడవాటి ఉంగరాల జుట్టుతో పరుగెత్తుకొచ్చే ఆ ఎడమచేతి వాటం ఇంగ్లండ్ బౌలర్ 2008 మార్చిలో హామిల్టన్ టెస్టులో న్యూజిలాండ్‌పై హ్యాట్రిక్ తీశాడు. ఆ ఇంటిపేరు మొదటిసారి విన్నప్పుడు నవ్వు ఆపుకోవడం ఎవరికైనా కొంచెం కష్టమే. దానికి దాయాదులు కూడా తక్కువేమీ కాదు: రామ్స్‌బాటమ్, లాంగ్‌బాటమ్, వింటర్‌బాటమ్, రోబాటమ్, హిగిన్‌బాటమ్. వీటన్నిటిలోకి వినగానే ఎక్కువగా నవ్వించేది, పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే ఎక్కువ విశేషాలు బయటపడేది షఫుల్‌బాటమ్. నేటి ఇంగ్లీషు చెవికి అది కాళ్లీడుస్తూ, వెనకభాగం ఊపుకుంటూ నడిచే మనిషికి ఎవరో పెట్టిన ఎగతాళి పేరులా వినిపిస్తుంది. నిజానికి ఆ పేరులో నడకా లేదు, పిరుదులూ లేవు. ఉన్నవి గొర్రెలు, నీళ్లు, ఒక లోయ.

ప్రాచీన ఆంగ్లంలో ‘బోత్మ్’ అన్నా ‘బోట్మ్’ అన్నా లోయ అడుగున ఉండే పల్లపు నేల. ఉత్తర ఇంగ్లండుకు వెన్నెముకలాంటి పెనైన్ కొండల పడమటి వాలున లాంకషైర్, చెషైర్, తూర్పు వాలున యార్క్‌షైర్ పశ్చిమ భాగం ఉన్నాయి. కొండల మీది నుంచి దిగే వాగులు అక్కడ సన్నని, లోతైన లోయలను కోసుకుంటూ పోతాయి కనుక, స్థలాల పేర్లలో ఈ మాట అడుగడుగునా తగులుతుంది. లాంగ్‌బాటమ్ అంటే పొడవైన లోయ, రోబాటమ్ అంటే గరుకు నేల ఉన్న లోయ, సైడ్‌బాటమ్ అంటే విశాలమైన లోయ, వింటర్‌బాటమ్ అంటే చలికాలంలో పశువులను మేపుకునే లోయ. మాంచెస్టరుకు ఉత్తరాన ఇర్వెల్ నది ఒడ్డున రామ్స్‌బాటమ్ అనే పట్టణమే ఉంది. దాని పేరును పొట్టేళ్ల లోయ అని కొందరు, అడవి వెల్లుల్లి పెరిగే లోయ అని మరికొందరు వివరిస్తారు.

ఆ పట్టణం ఉన్న బరీ ప్రాంతంలోనే షిప్పర్‌బాటమ్ అనే చిన్న స్థలం ఉంది. షఫుల్‌బాటమ్‌కు పుట్టినిల్లు అదే. ఆ పేరులో మొదటి ముక్క గొర్రె, చివరి ముక్క లోయ అన్నదానిపై పండితులకు పేచీ లేదు. మధ్య ముక్కను మాత్రం కొందరు గొర్రెలను కడిగే తావు అని, కొందరు ఊట అని చెబుతారు. ఎలా చూసినా గొర్రెలూ నీళ్లూ కలిసిన చోటే. ఉన్ని కత్తిరించడానికి కొద్ది రోజుల ముందు వాగుకు అడ్డుకట్ట వేసి, నడుము లోతు నీళ్లలో మనుషులు నిలబడి, ఒక్కొక్క గొర్రెనూ పట్టి ముంచి, ఉన్నిలో చిక్కుకున్న మట్టిని, పేడను చేతులతో పిండి వదిలేవారు. తర్వాత ఉన్ని ఆరి, దానిలోని సహజమైన జిడ్డు మళ్లీ పైకి వచ్చేదాకా ఆగి కత్తెర వేసేవారు. కడిగిన ఉన్నికి ధర ఎక్కువ పలికేది కనుక అందుకు అనువైన మడుగు ఉన్న లోయ ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన గుర్తుగా ఉండేది. మన కురుమలు కూడా ఉన్ని తీసే ముందు గొర్రెలను చెరువులో కడుగుతారు కాబట్టి ఈ దృశ్యం మనకు మరీ పరాయిది కాదు.

స్థలం పేరు మనిషికి ఎలా అంటుకుందన్నది తర్వాతి ప్రశ్న. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచే నాటికి అక్కడ వంశపారంపర్యమైన ఇంటిపేర్లు లేవు. ముందు భూస్వాముల కుటుంబాల్లో మొదలైన ఈ అలవాటు 13, 14 శతాబ్దాల్లో సామాన్యుల దాకా దిగింది. ఉత్తరాదిలో అది కాస్త ఆలస్యంగా స్థిరపడింది. 1377 నుంచి 1381 వరకు వేసిన తలపన్ను జాబితాల్లో ఈ స్థిరపడటం ఇంకా నడుస్తూ ఉండగానే కనబడుతుంది. ఊరి పేరు ఇంటిపేరయ్యేది మామూలుగా ఆ ఊరు వదిలాకే. ఊళ్లో అందరూ అదే ఊరివాళ్లయినప్పుడు ఆ పేరుతో ఒకరిని పిలిచి ప్రయోజనం లేదు. ఊరి పేర్లే ఇంటిపేర్లయిన తెలుగువారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే ఒక తేడా ఉంది. పెనైన్ లోయల్లో జనం పెద్ద ఊళ్లుగా కాక, వాగు వెంబడి విడివిడి కమతాలుగా ఉండేవారు. కాబట్టి ఒక కమతం పేరు చాలాసార్లు ఒక్క కుటుంబానికే ఇంటిపేరయ్యేది. కమ్మరి పని చేసే ప్రతి ఊరి మనిషీ స్మిత్ కాగలడు గానీ, గొర్రెల మడుగు ఉన్న ఫలానా లోయ నుంచి వచ్చినవాడే షఫుల్‌బాటమ్ కాగలడు. ఈ పేర్లు మొదటి నుంచీ అరుదుగా ఉండటానికి అసలు కారణం ఇదే. వాటి వినికిడి తెచ్చిన ఇబ్బంది చాలా తర్వాతి మాట.

ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో 1538లో ప్రతి చర్చి పరిధిలోనూ పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు రాసిపెట్టడం మొదలైంది. చదువురాని రైతు తన పేరును తన యాసలో చెప్పేవాడు. కలం పట్టినవాడు తనకు వినిపించినది రాసుకునేవాడు. గొర్రెల మడుగు ఊసు ఎవరికీ గుర్తులేని కాలానికి, అర్థం లేని ‘షిప్పర్’ శబ్దం క్రమంగా నోటికి తెలిసిన ‘షఫుల్’లోకి జారింది. షిప్పోబాటమ్, షఫుల్‌బోథమ్ వంటి రూపాలన్నీ ఒకే వంశపు అక్షరభేదాలు. చివరి ముక్కను ‘బోథమ్’ అని రాయడం పరువు కోసం చేసిన మార్పని అందరూ అనుకుంటారు గానీ, ఆ రూపమూ పాతదే. 1980లో బొంబాయి టెస్టులో సెంచరీ చేసి 13 వికెట్లు తీసిన ఇయాన్ బోథమ్ ఇంటిపేరు సరిగ్గా ఈ లోయ మాటే. అయినా దాన్ని విని ఎవరూ నవ్వరు.

నవ్వు ఎప్పుడు మొదలైందో చెప్పే ఒక చక్కని ఘట్టం ఉంది. 1781లో లండన్‌లో ఒక విందులో నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ ఒక స్త్రీని మెచ్చుకుంటూ, ఆమెకు మంచి వివేకమనే ‘బాటమ్’ ఉందన్నాడు. గట్టి పునాది ఉందన్నది ఆయన భావం. చుట్టూ ఉన్నవారు కిసుక్కున నవ్వారు. రచయిత్రి హన్నా మోర్ పక్కావిడ వీపు వెనక ముఖం దాచుకుంది. జాన్సన్ గుడ్లురిమి నవ్వెందుకని గద్దించి, ఆమె ‘ఫండమెంటల్‌’గా వివేకవంతురాలు అని ఒక్కొక్క అక్షరం ఒత్తి పలికాడు. ఆ మాటకు మూలమైన ‘ఫండమెంట్‌’కూ ఆనాటి ఇంగ్లీషులో పిరుదులనే అర్థం ఉండేది. ఈసారి నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయిందని, శవయాత్రలో ఉన్నంత గంభీరంగా కూర్చున్నామని అక్కడే ఉన్న, జాన్సన్ జీవితచరిత్రకారుడు బాస్‌వెల్ రాసిపెట్టాడు. 18వ శతాబ్దం రెండో సగానికి లోయ, పునాది, అడుగు అనే అర్థాల పక్కన శరీర భాగం అనే అర్థం వచ్చి కూర్చుందనడానికి ఇది మంచి సాక్ష్యం. మన పల్లెల్లో కుండ ముడ్డి అని ఏ సంకోచమూ లేకుండా అనేవారే అదే మాట సభలో అనవలసి వస్తే ఆగిపోతారు. ఒక అర్థం మిగతావాటిని మింగేయడమంటే ఇదే.

ఇంగ్లీషులో లోయ అనే అర్థం ఊళ్ల పేర్లలో, ఇంటిపేర్లలో శిలాజంలా మిగిలింది. 20వ శతాబ్దపు హాస్య ప్రదర్శనల్లో లాంకషైర్ మనిషిని తెచ్చి నవ్వించాలంటే ఇలాంటి ఇంటిపేరు తగిలించడం పరిపాటయింది. క్రిస్ సీవీ అనే కళాకారుడు పేపరు గుజ్జుతో చేసిన పెద్ద తల తగిలించుకుని ఆడిన పాత్రకు ఫ్రాంక్ సైడ్‌బాటమ్ అని పేరు పెట్టాడు. లండన్ కింగ్స్ కాలేజీలో భూగోళ శాస్త్ర సందర్శక ఆచార్యుడిగా ఉన్న రిచర్డ్ వెబర్ 1881 జనాభా లెక్కలను ఈ శతాబ్దపు జాబితాలతో పోల్చి, వినడానికి ఇబ్బందిగా ఉన్న ఇంటిపేర్లు బాగా తగ్గిపోయాయని చూపాడు. డెత్ అనే ఇంటిపేరు గలవారు దాదాపు సగమయ్యారు. ఇంగ్లండులో పేరు మార్చుకోవడానికి కోర్టు అనుమతి అక్కరలేదు. కొత్త పేరును నలుగురిలో వాడటం మొదలుపెడితే చాలు, పత్రం రాసుకుంటే మరీ మంచిది. 1862లో జాషువా బగ్ పేరుతో, అంటే నల్లి అనే ఇంటిపేరుతో, తాను ఇకపై నార్‌ఫోక్ హోవర్డ్‌నని టైమ్స్ పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. దేశంలోని అతి గొప్ప ప్రభు వంశాన్ని తలపించే ఆ కొత్త పేరుతో నల్లులకే పరువు పెరిగింది. అప్పటి నుంచి వ్యావహారికంలో నల్లులను నార్‌ఫోక్ హోవర్డ్‌లు అనసాగారు.

మార్చుకోనివారూ ఉన్నారు. వాల్టర్ వింటర్‌బాటమ్ 1946 నుంచి 1962 వరకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు తొలి మేనేజరుగా అదే పేరుతో పనిచేశాడు. ర్యాన్ తండ్రి ఆర్నీ సైడ్‌బాటమ్ 1985లో ట్రెంట్ బ్రిడ్జిలో ఆస్ట్రేలియాపై తన ఏకైక టెస్టు ఆడాడు. 16 ఏళ్ల తర్వాత లార్డ్స్‌లో పాకిస్తాన్‌పై కొడుకు తొలి టెస్టు ఆడినప్పుడు స్కోరుబోర్డు మీద ఆ ఇంటిపేరులో ఒక్క అక్షరం కూడా మారలేదు.