అపోహలు - వాస్తవాలు: పక్క దీవికి పన్నెండు నిమిషాలేనా?

విమాన టికెట్లు, కనెక్షన్లు చూసే ఉద్యోగం నాది. దీవుల మధ్య ప్రయాణాల్లో ఒకే పొరపాటు ఎంతమంది చేత డబ్బు పోగొట్టిస్తోందో చూసి చూసి, ఇక రాయక తప్పలేదు.

అపోహ: రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని జెట్ వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. హవాయిలో హొనొలులు నుంచి మరో దీవిలోని కహులుయికి సుమారు 160 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల లెక్కన 12 నిమిషాలు. టైమ్ టేబుల్లో ఉండేది దాదాపు 40 నిమిషాలు. అది విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగే దాకా పట్టే బ్లాక్ టైమ్. రన్‌వే దాకా వెళ్లడం, వరుసలో నిలబడడం అన్నీ అందులోనివే. పైగా అక్కడ 10,000 అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదు. ఇంత చిన్న ప్రయాణంలో విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికే సమయమంతా సరిపోతుంది. హిలో నుంచి హొనొలులుకు దూరం రెట్టింపు కన్నా ఎక్కువే, సమయం మాత్రం పావుగంట అటూఇటూగా పెరుగుతుందంతే.

ఈ లెక్క నమ్మి ఒకావిడ రెండు వేర్వేరు టికెట్లు కొన్నారు. మొదటిది దీవి నుంచి దీవికి, రెండోది అక్కడి నుంచి విదేశానికి. అనారోగ్యంతో ఉన్న తండ్రిని చూడడానికి ప్రయాణం. మధ్యలో గంట ఉంది కదా అన్నారు. ‘9.10కి దిగడం, 10.10కి ఎక్కడం’ అని కాగితం మీద రాసుకుని, ఆ రెండు అంకెల చుట్టూ సున్నాలు చుట్టుకున్నారు. మొదటి విమానం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. అయినా లగేజీ బెల్టు మీదికి వచ్చేసరికి, టెర్మినల్ మారేసరికి రెండో విమానం కౌంటరు మూసేశారు. అంతర్జాతీయ విమానాలకు గంట ముందే చెక్-ఇన్ ఆపేయడం మామూలే. టికెట్ డబ్బంతా పోయింది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ నిలబడిపోతే నాకు మాట రాలేదు.

ఒకే టికెట్ అయితే కనెక్షన్‌కు కావలసిన కనీస సమయం చూసే ఇస్తారు, తప్పిపోతే తర్వాతి విమానంలో పంపుతారు. వేర్వేరు టికెట్లయితే ఆ బాధ్యత ఎవరికీ లేదు. కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. రెండోది ఆ రోజుకు చివరి విమానమైతే ముందు రోజే చేరుకోండి.

అపోహ: పక్కపక్క దీవులైతే నేరుగా విమానం ఉంటుంది. ఉండకపోవచ్చు. చాలాచోట్ల పెద్ద దీవికి వెళ్లి, విమానం మారి వెనక్కి రావాలి.

అపోహ: ఎదురుగాలి వీస్తే గంటలు పడుతుంది. ఈ పుకారు పుట్టించేవాళ్లు ఒక్కసారి లెక్క వేసి చూడాలి. ఇంత తక్కువ దూరానికి మారేది కొద్ది నిమిషాలే.

అపోహ: ప్రొపెల్లర్ విమానంలో సముద్రం దాటడం ప్రమాదం. భయం సహజమే, తప్పు పట్టను. కానీ ఏటీఆర్ లాంటి విమానాలకు రెండు ఇంజన్లుంటాయి. ఒకటి ఆగినా రెండోదానితో ఎగిరి దిగగలిగితేనే వాటికి అనుమతి.

అపోహ: దగ్గరి దీవుల్లో తేదీ ఒకటే. పసిఫిక్ దీవుల దేశం సమోవా 2011లో డిసెంబరు 30ని వదిలేసి, దాటితే తేదీ ఒక రోజు మారే అంతర్జాతీయ తేదీ రేఖకు ఇవతలికి వచ్చింది. అమెరికన్ సమోవా అవతలే ఉంది. అరగంట పైచిలుకు ప్రయాణం, గడియారం తేడా 24 గంటలు. సమోవాలో శనివారం ఎక్కితే అవతల శుక్రవారం దిగుతారు. హోటల్ గది శుక్రవారానికే తీసుకోండి.