ఖిబ్లా సరిగ్గా పడమరేనా? మదర్సాలో సైన్సు వెనక కథ

విశాఖలో ఖిబ్లా, అంటే నమాజులో మొహం పెట్టాల్సిన మక్కాలోని కాబా దిక్కు, ఎటని అడిగితే ఎవరైనా పడమటికే చెయ్యి చూపిస్తారు. లెక్క కడితే అక్కడి నుంచి దాదాపు 12న్నర డిగ్రీలు ఉత్తరానికి జరగాలి. ఇప్పుడు ఫోన్‌లో యాప్ ఉంది కాబట్టి టెన్షన్ లేదు. ఒకప్పుడు ఆ కాస్త తేడా తేల్చడానికే పండితులు గోళాల గణితంతో కుస్తీ పట్టారు. అసర్ (సాయంత్రం పూట) నమాజు వేళ తెలియాలంటే నీడ కొలవాలి. పండగకి నెలవంక చూడాలి. (నెలవంక కనిపించేది పడమట, మనకు సముద్రం తూర్పున ఉంది. నెలవంక కోసం బీచికి వెళ్లి అలల వైపు చూస్తే లాభం లేదు, ఊరి వైపు తిరగాలి.)

ఇస్లామిక్ బడుల్లో సైన్సు చెప్పడం గురించి మాట వచ్చినప్పుడల్లా మత విద్య, సైన్సు మొదటి నుంచీ ఎడమొహం పెడమొహం అన్నట్టు మాట్లాడతారు. కానీ 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ కూర్చిన దర్సె నిజామీ అనే మదర్సా పాఠ్యక్రమంలో తర్కం, యూక్లిడ్ జ్యామితి, ఖగోళం కూడా ఉండేవి. ఆ చదువుకు సర్కారు కచేరీల్లో కొలువులు దొరికేవి. 1837లో కంపెనీ ప్రభుత్వం కచేరీ భాషగా పారశీని పక్కన పెట్టాక ఆ దారి మూసుకుపోతూ వచ్చింది. 1866లో దేవబంద్ మదర్సా మొదలైంది. కొత్త సైన్సు సర్కారు బడుల్లో ఎలాగూ చెబుతున్నారు, దిక్కులేకుండా పోతున్నది మత విద్యే కాబట్టి ముందు దాన్ని కాపాడుకోవాలి అన్నది దాని స్థాపకుల ఆలోచన. ముస్లింలకు కొత్త చదువులు కావాలన్న సయ్యద్ అహ్మద్ ఖాన్ మరో దారి పట్టారు. 1864లో ఘాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టి ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించారు, 1875లో అలీగఢ్‌లో బడి తెరిచారు. మత విద్యకీ సైన్సుకీ మధ్య ఇవాళ్టి చీలిక ఆ పదేళ్లలో పడిందే.

1977లో మక్కాలో జరిగిన ముస్లిం విద్యా సదస్సు ఈ రెంటినీ మళ్లీ కలపాలంది. తర్వాత ఇస్మాయిల్ ఫారూఖీ లాంటి మేధావులు మొత్తం జ్ఞానాన్నే ఇస్లామీకరించాలన్నారు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలాం మాత్రం సైన్సు అందరిదీ ఒక్కటేనన్నారు. నేను ఈయన వైపే. పాఠం మొదట్లో ఒక ఆయతు (ఖురాన్ వాక్యం) అతికించినంత మాత్రాన పిల్లాడికి కాంతి వక్రీభవనం అర్థం కాదు.

మన దగ్గర 1993-94 నుంచి మదర్సాల్లో సైన్సు, లెక్కల టీచర్లకు కేంద్రం డబ్బిచ్చింది. జీతాలు ఏళ్ల తరబడి అందలేదని ఉత్తరప్రదేశ్‌లో ఆ టీచర్లే రోడ్డెక్కారు. అసలు బడికెళ్లే ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో ఉన్నది సుమారు 4 శాతమేనని ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో చెప్పింది. మిగతావాళ్లు చదివేది మామూలు బడుల్లోనే.

ఏటా మే 28 ప్రాంతంలో, మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 2:48కి సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. మబ్బు లేకపోతే ఆ నిమిషంలో విశాఖలో ఏ డాబా మీదైనా ఒక కర్ర నిలువుగా పాతి చూడొచ్చు. నీడ కొస నుంచి కర్ర మొదలుకి గీత గీస్తే అదే ఖిబ్లా. ఆ గీతకీ, నికరమైన పడమరకీ మధ్య పిల్లల చేత కోణమానిని పెట్టిస్తే ఆ 12న్నర డిగ్రీలు వాళ్లకే దొరుకుతాయి.