శిక్షణ ఖర్చు గిట్టిందా? గుంటూరు మిల్లుల్లో తెగని లెక్క

గుంటూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో సైడర్లకు (యంత్రం మీద తెగిన దారం అతికే కార్మికులకు) శిక్షణ ఇప్పించాక యాజమాన్యం అడిగేది ఒక్కటే: పెట్టిన డబ్బు గిట్టిందా? హెచ్‌ఆర్ చేతిలో ఉండేవి మాత్రం హాజరు పట్టీ, గ్రూప్ ఫొటో, 'చాలా బాగుంది' అని టిక్కు పెట్టిన ఫీడ్‌బ్యాక్ కాగితాలు. అడిగేదానికీ చూపించేదానికీ పొంతన లేకపోవడం ఇవాళ్టి సంగతి కాదు.

దీని మూలం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఉంది. యుద్ధ సామగ్రి తయారీ పెంచాల్సి రావడంతో, కొత్తవాళ్లకు పని త్వరగా నేర్పడానికి అమెరికా 1940లో 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' కార్యక్రమం మొదలుపెట్టింది. పని నేర్పడం, పద్ధతి బాగుచేయడం, మనుషులతో మెలగడం ముఖ్యమైన కోర్సులు. ఒక్కోటి పది గంటలు, రెండేసి గంటల చొప్పున ఐదు విడతలు. 1945 నాటికి 16 లక్షల మందికి పైగా ఈ శిక్షణ పొందారు. ఉత్పత్తి ఎంత పెరిగింది, తుక్కు ఎంత తగ్గింది అని ప్లాంట్లను అడిగి అంకెలు కూడా రాబట్టారు. కానీ ఆ రోజుల్లో యుద్ధం ఆర్డర్లతో శిక్షణ లేని చోటా ఉత్పత్తి పెరిగేది. అందులో శిక్షణ వాటా ఎంతన్నది తేలలేదు. ఇప్పటికీ గొడవంతా అక్కడే.

మన దేశానికి ఈ ధోరణి జౌళి మిల్లుల ద్వారానే వచ్చిందనాలి. 1947లో అహ్మదాబాద్‌లో అటిరా, 1956లో కోయంబత్తూరులో సిట్రా అనే జౌళి పరిశోధన సంస్థలు, 1958లో జాతీయ ఉత్పాదకతా మండలి ఏర్పడ్డాయి. మిల్లులో వేస్ట్ ఎంత ఉండాలి, ఒక్కో సైడర్‌కు ఎన్ని స్పిండిళ్లు (నూలు చుట్టే కదుళ్లు) అప్పగించాలి అనే ప్రమాణాల గురించి దక్షిణాది స్పిన్నింగ్ మాస్టర్లు ఈనాటికీ సిట్రా అంకెలు తిరగేస్తారు.

1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అమెరికాలో వరుస వ్యాసాలు రాసి శిక్షణ ఫలితాన్ని కొలిచే నాలుగు మెట్లు చెప్పాడు: శిక్షణ నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా. గిట్టుబాటు శాతం అందులో లేదు. దాన్ని ఐదో మెట్టుగా చేర్చి 1980ల నుంచి ప్రచారంలోకి తెచ్చింది జాక్ ఫిలిప్స్. సూత్రం తేలికే: లాభంలోంచి ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని ఖర్చుతో భాగించి, వందతో గుణించడం.

మొదటి మెట్టు బాగుంటే పై మెట్లూ బాగుంటాయన్న నమ్మకాన్ని 1997లో అలిగర్ అనే పరిశోధకుడి బృందం పాత పరిశోధనలన్నీ కలిపి పరిశీలించి దెబ్బతీసింది. శిక్షణ నచ్చడానికీ నేర్చుకోవడానికీ సంబంధం చాలా తక్కువని తేలింది. ఫీడ్‌బ్యాక్ కాగితాల విలువ అంతే.

ఇక మిల్లులోకి వద్దాం. రింగ్ ఫ్రేమ్ (నూలు వడికే యంత్రం) మీద దారం తెగితే సైడర్ స్పిండిల్ బ్రేకు పట్టి, కాప్ (నూలు చుట్టిన కండె) నుంచి కొస లాగి, ట్రావెలర్ (రింగు మీద తిరిగే చిన్న కొక్కెం) కిందినుంచి, పైన లాపెట్ (దారానికి దారి చూపే కొక్కెం) గుండా తెచ్చి, ముందు రోలర్ దగ్గర వస్తున్న పీచుకు అతుకుతాడు. అతికేదాకా ఆ పీచంతా గాలితో పీల్చుకునే న్యూమాఫిల్ గొట్టంలోకి పోతుంది. చాలా మిల్లులు తప్పు చేసేది ఇక్కడే: శిక్షణ ఫలితాన్ని ఎన్నిసార్లు తెగిందో లెక్కబెట్టి చూస్తాయి. తెగుడు చాలావరకు పత్తి, గాలిలో తేమ, స్పిండిల్ వేగం, అరిగిన ట్రావెలర్ల మీద ఆధారపడుతుంది. సైడర్ చేతిలో ఉన్నది తెగిన దారం ఎంతసేపు అలా ఉందన్నది. కాబట్టి చూడాల్సింది న్యూమాఫిల్ వేస్ట్ శాతం. మే ఎండల్లో 'ముందు' అంకె, ఆగస్టు వానల్లో 'తర్వాత' అంకె తీసుకుంటే తేమలో వచ్చిన తేడా శిక్షణ ఖాతాలో పడుతుంది. అక్టోబరు దాటి కొత్త పత్తి మిక్సింగ్‌లో (వడకడానికి ముందు పత్తి కలిపే చోట) కలిసినా అదే తంతు.

ఊహా అంకెలతో ఒక లెక్క చూద్దాం. రోజుకు 7,500 కిలోల నూలు తీసే మిల్లు. శిక్షణ తర్వాత న్యూమాఫిల్ వేస్ట్ 3 నుంచి 2.5 శాతానికి తగ్గింది. అంటే రోజుకు 37.5 కిలోలు, 350 పనిదినాలకు 13,125 కిలోలు. దీన్ని పత్తి ధర, కిలో 160 రూపాయల చొప్పున గుణిస్తే 21 లక్షలు. ట్రైనర్ ఫీజు, టీ, భోజనం కలిపి 75,000 ఖర్చు అనుకుంటే గిట్టుబాటు 2,700 శాతం! స్లైడు మీద ఘనంగానే ఉంటుంది.

కానీ న్యూమాఫిల్ వేస్ట్ పారేసేది కాదు, తిరిగి మిక్సింగ్‌లోకి పోతుంది. పోయేది దాన్ని అంతదాకా నడిపిన ఖర్చు, పీచు దెబ్బతినడం వల్ల వచ్చే నష్టం. అది కిలోకు 50 అనుకుంటే లాభం 6,56,250. అదే సమయంలో ట్రావెలర్లు కూడా మార్చారు కనుక శిక్షణ వాటా సగమని మాస్టరు అంచనా, ఆ అంచనా మీద ఆయనకున్న నమ్మకం 80 శాతం. ఫిలిప్స్ పద్ధతిలో ఈ రెండూ గుణిస్తే మిగిలేది 2,62,500. ఖర్చు వైపు ముప్ఫై మందికి ఆరు రోజుల కూలి, రోజుకు 450 చొప్పున 81,000, ఆ రోజుల్లో తగ్గిన ఉత్పత్తి 30,000, ఆఫీసు పని 14,000 కలపాలి. మొత్తం 2,00,000. గిట్టుబాటు 31 శాతం చిల్లర. ఆరు నెలలకు పది మంది వెళ్లిపోతే, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువున్న మిల్లుల్లో ఇది మామూలే, లాభంలో ఆరో వంతు పోయి గిట్టుబాటు 9 శాతం దగ్గరికి దిగుతుంది. వాళ్ల స్థానంలో చేరినవాళ్లకు నేర్పే ఖర్చు ఇంకా కలపలేదు.

2,700కన్నా 31నే యజమాని నమ్ముతాడు. లేథమ్, వైట్ అనే పరిశోధకులు 1994లో మేనేజర్ల మీద చేసిన ప్రయోగంలోనూ ఇలాంటిదే బయటపడింది: డబ్బు లెక్క చూపించాక మేనేజర్ల మద్దతు పెరగకపోగా తగ్గింది.

అప్రెంటిస్‌లతో పని నడిపే మిల్లులు ఇంకో అంకె మరిచిపోతాయి. 2016 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా కేంద్రం భరిస్తుందని పెట్టారు. ఆ సొమ్ము వచ్చి ఉంటే ఖర్చులోంచి తీసేయాలి.

వాటా తేల్చడానికి అంచనాలకన్నా మంచి దారి ఉంది. ఒకే కౌంటు (నూలు సన్నదనం), ఒకే మిక్సింగ్ నడిచే ఫ్రేముల్లో సగం సైడర్లకే ముందు శిక్షణ ఇచ్చి, మిగతా సగానికి రెండు నెలల తర్వాత ఇవ్వడం. రెండు వైపులా వేస్ట్ షిఫ్టు షిఫ్టుకూ విడిగా తూచాలి, అదీ శిక్షణకు నాలుగు వారాల ముందు నుంచే. మిల్లు మొత్తానికి ఒక్క అంకె రాస్తే ఈ పోలిక కుదరదు.

అన్ని శిక్షణలకూ ఇంత తతంగం అక్కర్లేదు. ఐదో మెట్టు దాకా లాగాల్సినవి వందలో ఐదు పదికి మించవని ఫిలిప్స్ వర్గమే చెబుతుంది. పత్తి గోడౌన్ ఉన్న చోట అగ్నిప్రమాద శిక్షణకు గిట్టుబాటు శాతం అడగడం వృథా శ్రమ. దానికి హాజరు, డ్రిల్లులో అందరూ బయటికి రావడానికి పట్టిన నిమిషాలు, గడువు తీరని మంటలార్పే సిలిండర్ల సంఖ్య రాసుకుంటే చాలు.