సూదికీ కంచానికీ మధ్య అరగంట

చిరంజీవులు చిట్టికీ, పండుకీ, వాళ్లతో పాటు కార్తీక వనభోజనాలకి మా తోటకొచ్చి ఉసిరి చెట్టు కింద నానా అల్లరీ చేసి వెళ్లిన పిల్లలందరికీ,

తాత ఆశీస్సులు.

ఆ రోజు పొద్దున్న టిఫినుకి ముందు నేను చొక్కా కాస్త పైకెత్తి పొట్టకి ఇన్సులిన్, అదే షుగరు జబ్బు మందు, సూది వేసుకుంటుంటే మీరంతా చుట్టూ మూగారు, గుర్తుందా? పండుగాడు కళ్లు ఇంతింత చేసుకుని, "తాతా, పొట్టకి కన్నం పడితే తిన్న ఉప్మా కారిపోదేటి?" అన్నాడు. పెద్దవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. వాడు సిగ్గుపడి చెట్టు చాటుకి పోయాక గానీ తప్పనిపించలేదు. చిట్టి అప్పుడేమీ అనలేదు. సాయంత్రం ఆటో ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "మా క్లాసులో ఒకమ్మాయి కూడా బాత్రూంలోకెళ్లి ఇలాగే వేసుకుంటుంది తాతా. చాక్లెట్లు ఎక్కువ తిని తెచ్చుకుందంట. పక్కన కూర్చుంటే మనకీ వస్తుందంట. నిజమేనా?" అంది. ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఈ ఉత్తరం ఒక్క పూటలో రాసింది కాదు. రాత్రి సూది వేసుకున్నాక అన్నానికి నేను అరగంట ఆగాలి. ఇదివరకు ఆ అరగంట టీవీకి పోయేది. నాలుగు రోజులుగా మీకు ఇస్తున్నాను. అక్కడక్కడా అతుకులు కనిపిస్తే సర్దుకోండి.

ముందు పండు ప్రశ్న. సూది అన్నం ఉండే చోటికి వెళ్లదురా. చర్మం కింద కొవ్వు ఒక పొరలా ఉంటుంది, మందు అక్కడే దిగుతుంది. నా పెన్ను సూది పొడవు 4 మిల్లీమీటర్లు, బియ్యపు గింజంత కూడా ఉండదు. కడుపు ఇంకా చాలా లోపల, కండల వెనకాల ఉంటుంది. ఉప్మా క్షేమం. మరి మాత్రలా మింగొచ్చుగా అంటావేమో. ఇన్సులిన్ ఒక ప్రొటీను, పప్పులో ఉన్నట్టు, గుడ్డులో ఉన్నట్టు. మింగితే కడుపు దాన్ని కూడా పప్పుతో పాటు అరిగించేసి కూర్చుంటుంది.

ఇక అసలు సంగతి. నాకు వైద్యం తెలీదు, కాలువ తెలుసు. మా నాన్న వంశధార ఎడమ కాలువ మీద లస్కరు. తూములు ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసుకోవడమే ఆయన ఉద్యోగం. అందుకని కాలువతోనే చెబుతాను.

మనం తిన్న అన్నం, చోడి అంబలి, అరటిపండు, ఇవన్నీ చాలా మటుకు చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. రక్తం కాలువ అనుకోండి. ఒళ్లంతా మడులు. ప్రతి మడికీ గట్టులో ఒక మడవ. కాలువ నిండుగా పారుతున్నా మడవ తెరవకపోతే మడిలోకి చుక్క రాదు. పార పట్టుకొచ్చి ఆ మడవ తెరిచేవాడు ఇన్సులిన్. వాడు రాకపోతే కాలువేమో పొంగుతుంది, మడేమో ఎండుతుంది. రెండూ ఒకేసారి! షుగరు జబ్బంటే అదే. ఆ జబ్బు వచ్చిన పిల్లలు ఎంత తిన్నా చిక్కిపోవడం అందుకే. ఆ కాలువ గట్టు ఎత్తు సుమారు 180, వేలి నుంచి తీసిన రక్తం చుక్కలో చక్కెర ఎంతుందో చూపే మీటరులో కనిపించే అంకె. అది దాటితే మూత్రపిండాలు ఆపలేవు, చక్కెర గట్టు పొర్లి మూత్రంలోకి పోతుంది. పోతూ పోతూ నీళ్లని కూడా లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ ఒంటికి వెళ్లడం, అంత దాహం. మా చిన్నప్పుడు గోడవారన చీమలు పడితే "ఎవుడికో తీపి దిగిందిరా" అనేవారు ముసలాళ్లు. మధుమేహం అన్న పాత పేరులో మధువు తేనే కదా.

ఒక్క మడి మాత్రం వేరు. నారు పోసే ఆకుమడి. మన మెదడు. దానికి మడవ లేదు, పార అక్కర్లేదు, కాలువలో నీరు ఎంతుంటే అంత తనంతట తనే తీసుకుంటుంది. బాగుంది కదా? కానీ కాలువ అడుగంటితే ముందు వాడిపోయేదీ అదే. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

నా పన్నెండో ఏట నాన్నకి జ్వరం వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. పొద్దున్నే వెళ్లి పెద్ద రావిచెట్టు దగ్గర తూము ఒక్కటి తెరిచి రమ్మని ఇనుప హ్యాండిల్ నా చేతికిచ్చాడు. అబ్బో, ఆ హ్యాండిల్ భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తుంటే కలెక్టరునైపోయాననిపించింది. దారిలో ఒక రైతు బెల్లం ముక్క చేతిలో పెట్టి "మా తూము కూడా ఓ తిప్పు తిప్పెయ్ నాయినా" అన్నాడు. తిప్పాను. తర్వాతి వాళ్లు ఊరుకుంటారా? వరసగా ఐదు తూములు తెరిచేశాను. అందరికీ మంచి చేశానన్న సంబరంతో ఇంటికొచ్చాను. నాలుగో రోజు నాన్న లేచి కాలువ ఆఖరున ఉండే శివారు దాకా వెళ్లి చూసొచ్చాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. వెంటబెట్టుకుని తీసుకెళ్లి శివారులో ఒక ముసలామె ఆకుమడి గట్టు మీద కూర్చోబెట్టి, "సూడు" అన్నాడు. అంతే. నారు పసుపు తిరిగి, నేల బీటలు వారి ఉంది. ఆ రోజు ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలీదు.

నలభై ఏళ్ల తర్వాత అదే తప్పు మళ్లీ చేశాను. భోగి నాడు మీ మామ్మ చూడకుండా రెండు అరిసెలు ఎక్కువ తిన్నాను. తిన్నది సరిపెట్టేద్దామని, డాక్టరు చెప్పినదానికి సొంత తెలివితో ఇంకో ఆరు యూనిట్లు కలిపి వేసుకున్నాను. అర్ధరాత్రి మెలకువొచ్చేసరికి బనీను చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది. మీ మామ్మ లేపి ఏదో అడిగితే నేను తూముల గురించి ఏదేదో మాట్లాడానట! మడవలన్నీ ఒక్కసారే తెరిచేశాను కదా, కాలువ అడుగంటింది, ఆకుమడి వాడిపోయింది. మీటరు 52 చూపించింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం. మామ్మ గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ వేలు గుచ్చింది. అంకె పెరిగాక ఇంత అన్నం పెట్టింది. తర్వాత పెట్టిన చీవాట్లు సంక్రాంతి, కనుమ, ముక్కనుమ దాకా నడిచాయి.

అప్పటి నుంచి మందు లెక్క డాక్టరుది, తిండి లెక్క నాది. సూది పడ్డాక తిండి ఆలస్యం చెయ్యను. జేబులో నాలుగు పంచదార బిళ్లలు లేకుండా ఊరు దాటను. వాటి మీద కన్నెయ్యకండి, అవి మిఠాయిలు కావు, మందు.

రోజూ చేసేది పెద్ద పనేమీ కాదు. నా మందు పాలలా ఉంటుంది, అడుగున తేరుకుంటుంది. పెన్నుని రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు మెల్లగా దొర్లించాలి, గిలక్కాయలా ఊపకూడదు. గుచ్చాక పది అంకెలు లెక్కపెట్టి సూది తియ్యాలి. నాన్న గట్టుని రోజూ ఒకేచోట తవ్వనిచ్చేవాడు కాదు. నేనూ ఒకేచోట గుచ్చను, గుచ్చితే అక్కడ గడ్డ కట్టి మందు సరిగ్గా ఎక్కదు. అందుకే బొడ్డు చుట్టూ గడియారం ముల్లులా జరుగుతూ ఉంటాను. వాడేసిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగిస్తాను. ఆ డబ్బా ముట్టుకోవద్దు, మీ మీద ఒట్టు.

నడక సంగతి చెప్పాలంటే నా కాలువ పోలిక కాస్త ఇబ్బంది పెడుతోంది. రైతు గట్టు మీద నాలుగు అడుగులు వేస్తే మడవలు వాటంతటవే తెరుచుకుంటాయా? ఒంట్లో తెరుచుకుంటాయి. నడిచే కండలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరని లాక్కుంటాయి. ఏ కాలువకీ ఆ అదృష్టం లేదు.

తిత్లీ తుఫాను మీలో కొందరికి గుర్తుండదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిచెట్లు లక్షల్లో కూలాయి. మా ఊళ్లో పది రోజులు కరెంటు లేదు. అప్పట్లో నాకు పెన్ను లేదు, సీసా మందుని సిరంజితో వేసుకునేవాణ్ణి. ఇన్సులిన్ ఎండకి పాడైపోతుంది. కొత్త సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టిందా పారెయ్యాల్సిందే. ఫ్రిజ్ ఏమో బీరువాలా నిలబడి ఉంది. మీ మామ్మ పెద్ద కుండలో ఇసుక పోసి, దాని మధ్య చిన్న ముంత పెట్టి, ఇసుక తడిపి, సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ముంతలో దాచింది. వేసవిలో కుండ నీళ్లు చల్లగా ఉండే కిటుకే. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు, కానీ గండం గడిచింది. తీరా ఆరో రోజు చీకట్లో నేనే సీసా జారవిడిచి పగలగొట్టాను. పక్కింటాయన తన పెన్నులో వాడే కొత్త మందు గొట్టం ఒకటి ఇచ్చాడు. రెండూ ఒక రకం మందే. నా ఎర్రమూత సిరంజిలోకి 20 గీత దాకా లాగబోతుంటే నర్సమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. నా సీసా మందు మిల్లీలీటరుకి 40 యూనిట్లు, ఆయన పెన్ను మందు 100. నా సిరంజిలో 20 గీత అంటే ఆ మందు 50 యూనిట్లు! ఐదు తూముల కథ మళ్లీ మొదలయ్యేది. ఆవిడకి ఇప్పటికీ పండక్కి పొంగడాలు పంపిస్తాం.

చిట్టీ, ఇప్పుడు నీ మాట. నా జబ్బు వేరు, ఆ అమ్మాయిది వేరు. నా ఒంట్లో లస్కరు, అంటే ఇన్సులిన్‌ని తయారుచేసేవాడు, ఉన్నాడు గానీ మడవలు బిగుసుకుపోయాయి. ఏళ్ల తరబడి తవ్వి తవ్వి అలిసిపోయాడు, బయటి నుంచి కూలికి మనిషిని పెట్టుకున్నాను. దీన్నే ఊళ్లో "పాపం, సూదిలోకి దిగిపోయాడు" అని గుసగుసలాడతారు, నేనేదో జైలుకి వెళ్లినట్టు! ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. ఆ అమ్మాయి సంగతి ఏమిటంటే, ఊరిని కాయాల్సిన కాపలావాళ్లే, అంటే ఒంట్లో రోగాలతో పోరాడే కణాలే, పొరపాటున లస్కర్ని దొంగనుకుని మట్టుబెట్టేశారు. చాక్లెట్లకీ దానికీ సంబంధం లేదు. తను చేసిన తప్పూ లేదు. జలుబులా అంటుకోదు కూడా. కాలువ కట్టేసి తిండి మానేస్తే పోదా అంటారు కొందరు. వందేళ్ల కిందట డాక్టర్లు చేసింది అదే, పిల్లల్ని పస్తులుంచి ఇంకొన్నాళ్లు బతికించడం. మొన్న నవంబరు 14న మీ బడిలో నెహ్రూ గారి బొమ్మకి దండ వేశారు కదా. అదే తారీఖున 1891లో కెనడాలో ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టాడు. ఆయన, చార్లెస్ బెస్ట్ అనే కుర్రాడు 1921 వేసవిలో టొరంటోలో కుక్కల క్లోమం నుంచి, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే అవయవం నుంచి, ఈ మందు తీశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి పశువుల క్లోమం నుంచి తీసిన మందుతో మొదటి సూది వేశారు. అది సరిగ్గా పని చెయ్యలేదు. కాలిప్ అనే ఇంకొకాయన మందుని శుభ్రం చేసి ఇచ్చాక, పన్నెండు రోజులకి వేసిన సూదితో పిల్లాడు తేరుకున్నాడు. దాని మీద హక్కుల్ని విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకి రాసిచ్చేశారు. ఒక్క డాలరుకి!

కాబట్టి రేపు వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చో. తను క్లాసు మధ్యలో బిస్కెట్ తింటే టీచరుకి చాడీలు చెప్పొద్దు. ఎప్పుడైనా చెమటలు పట్టి, వణుకుతూ, తిక్కతిక్కగా మాట్లాడితే వెంటనే తీపి ఏదైనా తినిపించి టీచర్ని పిలు. తెలివి తప్పి ఉంటే మాత్రం నోట్లో చుక్క కూడా పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యమను.

ఇంకొకటి ఉంది, అది నాకు సరిగ్గా చెప్పడం చేతకాదు. అన్నం ముద్ద ఇంకా నోట్లో ఉండగానే, కడుపులో పడకముందే, లోపల లస్కరు కొద్దిగా పార కదిలిస్తాడట. జీర్ణాశయం వెనక జానెడు కూడా లేని క్లోమం, దాంట్లో చిన్న చిన్న లంకల్లాంటి గుంపులు. అక్కడున్న వాడికి నోట్లో ముద్ద పడిందని ఎవరు కేక వేస్తారు? డాక్టర్లు నరాలంటారు, నేను వింటాను, తలూపుతాను. నేను మీటరు, పెన్ను, గోడ గడియారం, మీ మామ్మ, ఇంతమందిమి కలిసి ఎక్కాలు చదువుతూ తప్పులు చేసే లెక్కని మీ ఒంట్లో వాడు రేయింబవళ్లు ఒక్కడే చేస్తున్నాడు. ఈసారి సెలవులకి రండి. తెల్లారుఝామున కాలువ దగ్గరికి తీసుకెళ్తాను. తూము తెరిచాక మొదటి నీళ్లు ఎండుమడిలోకి ఎలా పాకుతాయో, నేల ఎలా చప్పుడు చేస్తుందో గట్టు మీద కూర్చుని చూద్దురు గాని. మాట్లాడకూడదు.

మీ మామ్మ మూడోసారి పిలుస్తోంది. గడియారం చూస్తే సూది వేసి నలభై నిమిషాలు. ఈ సంగతి ఆవిడకి చెప్పకండి. కంచం పెట్టేసింది, వెళ్తున్నా.

మీ తాత