ట్రాక్టర్ షెడ్డు గచ్చుకి వాటం: అపోహలు, వాస్తవాలు

"వాటందేముందండీ, గచ్చు చేసేటప్పుడు మేస్త్రీ చూసుకుంటాడు." షెడ్డు కట్టుకుంటున్న రైతుల్లో చాలామంది నాతో అనే మాట ఇదే. రైతుని ఎక్కువ ముంచేది కూడా ఈ అపోహే. తప్పు బయటపడేది గచ్చు గట్టిపడ్డాకే.

వాటం, అంటే నీళ్ళు పారడానికి ఇచ్చే వాలు, దాని లెక్క షెడ్డు లోపల మొదలవదు. నీళ్ళు చివరికి పడే మురుగుకాలవ దగ్గర మొదలవుతుంది. 100 అడుగుల పొడవుకి 1 అడుగు దిగేలా వేసుకోండి. ఉదాహరణకి గచ్చు 20 అడుగులు, జాలీ కాలవ (పైన ఇనుప జాలీ మూత ఉండే కాలవ) 20, బయటి పైపు 40. మొత్తం 80 అడుగులకి దాదాపు 10 అంగుళాలు దిగాలి. జాలీ కాలవ మొదట్లోనే ఓ 5 అంగుళాల లోతుంటుంది, అదీ కలపండి. గచ్చు ఎత్తు అంచుకి పైపు నోరు అడుగుంబావు కింద ఉంటుందన్నమాట. ఆ నోరు వానాకాలపు నీటిమట్టానికి పైన ఉండాలి. కాబట్టి ఇది బేస్‌మెంట్ ఎత్తు ఖాయం చేసే రోజే తేలాలి.

కృష్ణా డెల్టాలో ఒకాయన, నేను బాబాయ్ అంటాను, దమ్ము చేసొచ్చిన ట్రాక్టర్ని షెడ్డులోనే కడిగేవారు. పెద్ద వానకి మురుగుకాలవ నిండి, నీళ్ళు పైపులోంచి ఎదురు తన్నాయి. వెల్డింగ్ మిషను కింద చీలమండ లోతు నీళ్ళు! కరెంటు తీసే దాకా నాకు ఊపిరాడలేదు. "అబ్బాయ్, పైన అంగుళం మందం సిమెంటు వేయిస్తే సరిపోదా?" అని బెంగగా అడిగారు. సరిపోదు. నున్నటి పాత గచ్చు మీద పల్చటి పూత ట్రాక్టర్ బరువుకి పెచ్చులు లేస్తుంది. చివరికి పైపు మూసేసి, కడగడానికి బయట ఎత్తుగా వేరే చప్టా వేశాం. మీ షెడ్డూ ఇలాగే ఉంటే కంగారుపడి పగలగొట్టించకండి, ముందు ఈ దారి చూడండి.

షెడ్డంతా వాటం ఉండాలన్నది ఇంకో అపోహ. జాకీ పెట్టే చోటు చదునుగా ఉండాలి, లేకపోతే బండి జారి మనిషి మీద పడుతుంది. నున్నటి గచ్చు మీద నీళ్ళు తొందరగా పోతాయంటారు, ఆయిల్ పడితే కాళ్ళూ అంతే తొందరగా జారతాయి. చీపురుతో గరుకు గీతలు పెట్టించండి. పైపు పెద్దదైతే పూడదన్నది వట్టి మాట. నల్లరేగడి బురద ఏ పైపునైనా పూడుస్తుంది, ముందు మట్టి దిగే గుంత కావాలి.

"ఆయిల్ నీళ్ళు ఇంకుడు గుంతలోకి వదిలితే భూమే పీల్చేస్తుంది" అనేవాళ్ళతో మాత్రం నాకు ఓపిక ఉండదు. అది మీ బోరులోకే చేరొచ్చు. పాత ఆయిల్ డ్రమ్ములో పట్టండి. కడిగిన నీళ్ళలో ఆయిల్ పైకి తేలుతుంది కనుక, ఇందాక చెప్పిన మట్టి దిగే గుంతలోంచి బయటికెళ్ళే పైపుకి టీ (T ఆకారపు జాయింటు) పెట్టి నోరు నీళ్ళలోకి దించితే అడుగు నీళ్ళే పోతాయి. పైన చేరిన ఆయిల్ తీసి డ్రమ్ములోనే పోయాలి.

మేస్త్రీకి కబురు పెట్టేముందు మురుగుకాలవ గట్టు మీద పాత నీటి మరక ఎక్కడిదాకా ఉందో చూడండి, పక్క పొలం వాళ్ళనీ అడగండి. లెవెల్ ట్యూబు (మట్టం చూసే నీళ్ళ గొట్టం) ఆ మరక దగ్గర్నుంచే పట్టించండి.