తోడు

బుజ్జీకి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ట్రాక్టరు దమ్ము చక్రాలతో చేలో దిగి, నడుమెత్తు లేచి పూత మీదున్న జీలుగని తొక్కేస్తుంటే గట్టు మీద నిలబడి అడిగావు కదా బుజ్జీ, "ఇంత బాగా పెరిగింది, అమ్ముకోకుండా బురదలో కలిపేస్తావేం తాతయ్యా?" అని. ఆ ట్రాక్టరు మోతలో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను.

మీ ఇంట్లో ప్యాకెట్ పెరుగు కాబట్టి తోడు సంగతి మీకు తెలియదేమో. మా నాయనమ్మ దాలిలో ఎర్రగా కాగిన పాలు దించి, గోరువెచ్చనయ్యాక పాత పెరుగు చెంచాడు వేసేది. ఎంతమంది చుట్టాలొచ్చినా సరే, ఆ చెంచాడూ ఉట్టి మీద చిన్న గిన్నెలో విడిగా ఉండాల్సిందే. నా ఎనిమిదో ఏట ఓ మధ్యాహ్నం బెల్లం ముక్క నంజుకుంటూ ఆ గిన్నె కాస్తా నాకేశాను. నాయనమ్మ తిట్టలేదు. ఖాళీ గిన్నె చేతికిచ్చి పక్కింటికి పంపింది. "అత్తయ్యా, కాస్త తోడుంటే పెట్టరా" అని ఆ గుమ్మంలో అడగడానికి ఎంత సిగ్గేసిందో!

చేనుకీ తోడు కావాలి. మన లంకలూ చేలూ అన్నీ గోదారి వరదల్లో తెచ్చి పోసిన ఒండ్రే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలువలొచ్చాయి, కడుపు నిండింది. ఏటిగట్లు వేసుకున్నాం, ఊళ్ళు మునక్కుండా అది మంచిదే. కానీ ఒండ్రు మునుపటిలా చేలోకి రాదు. ఏరు వేసే తోడు తగ్గాక మనమే వేసుకోవాలి.

ఈ చేనునే ఒకప్పుడు నేను రొయ్యల చెరువుకి లీజుకిచ్చాను. వరి మీద ఎన్నడూ చూడని డబ్బు ముందే చేతిలో పడింది. మూడో ఏడు తెల్లమచ్చల జబ్బొచ్చి రొయ్య పోయింది. లీజుదారు ఏరియేటర్లు ఊడదీసుకుని వెళ్ళిపోయాడు. ఉప్పు మాత్రం నాకు మిగిలింది. వేసవిలో నేల మీద తెల్లగా పేరుకునేది. గట్టు కింద నుంచి ఊటదిగి పక్కవాళ్ళ నాట్లు కూడా మాడాయి. చాన్నాళ్ళు వాళ్ళకి ముఖం చూపించలేకపోయాను. పెరుక్కి తోడంటే పక్కింట్లో అడిగాను, నేలకి ఎవరింటికెళ్ళి అడగను?

జీలుగ ఉప్పుకి ఓర్చుకుంటుంది. ఊడ్పులకి ముందు ఓ 45 రోజులు పెంచి, పూతలో దమ్ము చేసేస్తే కుళ్ళి ఎరువవుతుంది. యూరియా బస్తాలు తగ్గుతాయి. మూడేళ్ళు ఓపిక పడితే వరి మళ్ళీ పచ్చబడింది. వ్యాపారం వద్దని కాదురా. కొబ్బరి డొక్క చూడండి, పీచు తాడవుతుంది, పొట్టు కడియం నర్సరీల కుండీల్లోకి పోతుంది. అలాంటిది ఎంత చేసినా నాకిష్టమే.

ఇంక ఈ జీలుగ తోడు ఎక్కడ దాచుకుంటుందో నేను చెప్పేకంటే మీరు చూడటం మేలు. గట్టు వెంట పది మొక్కలు ఉంచమన్నాను. ఆదివారం వచ్చి, వేళ్ళు తెగకుండా ఒకటి మెల్లగా పీకి కాలవలో కడగండి. ఆవగింజలంత బుడిపెలుంటాయి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే, దాన్ని పట్టి మొక్కకిచ్చే సూక్ష్మజీవులు వాటిలోనే కాపురం. ఒక బుడిపెని గోటితో చిదుము. లోపల ఎర్రగా ఉంటుంది. మన నెత్తురుకి రంగునిచ్చే పదార్థానికి అది చుట్టమేనట! ఇన్నేళ్ళొచ్చినా చిదిమిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

చిన్నోణ్ణి భూతద్దం మర్చిపోకుండా తెమ్మను.

మీ తాతయ్య